ఏమీ లేదుట!

ఈ వారం ఉత్తరాల కట్టలో ఒక తల్లి రాసిన ఉత్తరం ఉంది. పేరూ ఊరూ బయటపెట్టవద్దని కోరింది గనుక పెట్టను. కూతురికి పందొమ్మిదేళ్ళు, కాలేజీలో చదువుతోంది. ఆరు నెలలుగా ఉన్నట్టుండి పడిపోతోంది. కాళ్ళూ చేతులూ కొట్టుకుంటాయి, కళ్ళు మూసుకుపోతాయి, పిలిస్తే పలకదు. పది నిమిషాలకో పావుగంటకో తెలివి వచ్చి ఏడుస్తుంది. ఇంట్లోవాళ్ళు చేతిలో తాళాలగుత్తి పెట్టి చూశారు, ఉల్లిపాయ వాసన చూపించారు. ఊళ్ళో డాక్టర్లందరి గుమ్మాలూ ఎక్కారు. తలకు స్కానింగు తీశారు, ఇంకా ఏవేవో పరీక్షలు చేశారు. చివరికి ఒక పెద్ద డాక్టరుగారు కాగితాలన్నీ మడిచి తల్లి చేతికిచ్చి, “ఏమీ లేదమ్మా. పెళ్ళి చెయ్యండి, అదే తగ్గిపోతుంది” అన్నారట.

ఉత్తరం చివర ఆవిడ ఇలా అడిగింది: “ఏమీ లేకపోతే మా పిల్ల నాటకం ఆడుతున్నట్టేనా? ఇంట్లో అందరూ అదే అంటున్నారు. మొన్న నేను కూడా విసిగిపోయి ఒక లెంపకాయ కొట్టాను. నేను చేసింది తప్పా?”

మామూలుగా అయితే ఇలాంటి ఉత్తరాలకు నాలుగు ముక్కలు జవాబు రాసి, ‘మంచి డాక్టరుకు చూపించండి’ అని ముగిస్తాను. ఈ ఉత్తరానికి మాత్రం అలా రాయడానికి నాకు మొహం చెల్లలేదు. మూడేళ్ళ క్రితం నేనూ ఇలాంటి లెంపకాయే కొట్టాను. చెయ్యి ఎత్తలేదు, నోటితోనే కొట్టాను. ఆ కథ ఇన్నాళ్ళూ ఈ శీర్షికలో రాయలేదు. రాయవచ్చునా అని మా తోడికోడల్ని అడిగితే, “నా పేరు ఒక్కటీ తప్ప అన్నీ రాయి అక్కయ్యా. నీ సంగతి కూడా దాచకుండా రాయాలి సుమా!” అంది. అంచేత దాచకుండానే రాస్తున్నాను.

మా తోడికోడలు, అంటే మా మరిది భార్య, బడిలో లెక్కలు చెబుతుంది. చురుకైన మనిషి. ఒకనాడు బడి మెట్ల మీద కాలు జారి మడమ బెణికింది. వాపు వారం రోజుల్లో తీసేసింది. కాని ఆ మర్నాడు మంచం దిగబోతే ఎడమ కాలు కదలలేదు. బరువుగా, తనది కానట్టుగా ఉందిట. నడిస్తే వెనకాలే ఈడ్చుకుంటూ వచ్చేది, తడిబట్టల మూట లాగినట్టు.

పక్షవాతమేమోనని మా మరిది హడలిపోయి అప్పటికప్పుడు ఆసుపత్రికి తీసుకుపోయాడు. అది మంచి పనే. ఒక పక్క కాలో చెయ్యో ఉన్నట్టుండి పడిపోతే, మాట తడబడితే, గంట కూడా ఆలస్యం చేయకూడదు. మెదడుకు, వెన్నుకు ఎం.ఆర్.ఐ. తీశారు. నరాల పరీక్షలు, రక్త పరీక్షలు చేశారు. అన్నీ బాగున్నాయి. అక్కడి డాక్టరుగారు ఆమెతో, “ఏమీ లేదమ్మా, టెన్షను. ఇంటికి వెళ్ళి హాయిగా ఉండండి” అన్నారు. తరువాత మా మరిదిని పక్క గదిలోకి పిలిచి, “ఇలాంటివాళ్ళు ఇంట్లో తమను పట్టించుకోవాలని చేస్తూంటారు. మీరు మరీ గారాబం చెయ్యకండి” అన్నారు. తలుపు వారగా తెరిచే ఉంది. ఆమె విన్నది.

ఇక ఇంట్లో సంగతి చెప్పనక్కరలేదు. మా అత్తగారు దిష్టి తీయించారు, తాయెత్తు కట్టించారు. పుట్టింటివాళ్ళు వచ్చి అత్తగారి ఆరళ్ళేమోనని మమ్మల్ని అనుమానంగా చూశారు. చూడవచ్చిన చుట్టాలు మొగుడూ పెళ్ళాలకు పడటం లేదా అని గుసగుసలాడారు. ఏమీ లేదన్న రోగానికి ఏదో ఒక కారణం కావాలి గదా! తలా ఒకటి తెచ్చి అంటగట్టారు.

వేసవి సెలవుల్లో ఆమెను మా ఇంటికి తీసుకువచ్చాం. ఒకనాటి సాయంత్రం నేను పొయ్యి మీద పాలు పెట్టి పెరట్లో బట్టలు తీస్తున్నాను. ఆమె వంటింటి గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చుని చిక్కుడుకాయలు బాగుచేస్తోంది. చేతికర్ర గోడకు ఆనించి ఉంది. పాలు పొంగాయి. కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. ఆమె చటుక్కున లేచి, కర్ర ముట్టుకోకుండా, చక్కగా నాలుగడుగులు వేసి, పొయ్యి ఆర్పేసింది. అప్పుడు తన కాలు వంక తను చూసుకుంది. చూసుకోగానే మోకాలు వంగిపోయి గట్టు పట్టుకుని కూలబడింది.

“ఎలా వచ్చానో నాకే తెలియదక్కయ్యా” అంది, నేను పరుగెత్తుకు వెళ్ళేసరికి. ఆమె మొహంలో సంతోషం, భయం రెండూ ఉన్నాయి. నాకు మాత్రం దొంగ దొరికినట్టనిపించింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఊరుకోలేకపోయాను. “పాలు పొంగితే పరుగెత్తే కాలు బడికి వెళ్ళమంటే లేవదు కాబోలు!” అన్నాను. నలుగురూ నవ్వారు. ఆమె పెరుగన్నం కలుపుకోకుండానే లేచిపోయింది. మర్నాడు పొద్దున్న బస్సుకే వాళ్ళ ఊరు వెళ్ళిపోయారు. తరువాత ఎనిమిది నెలలు నాతో మాట్లాడలేదు.

ఆ ఎనిమిది నెలల్లో ఇంకొకటి జరిగింది. ఒక రాత్రి ఆమెకు కడుపులో కుడిపక్క విపరీతమైన నొప్పి వచ్చింది. ఆసుపత్రికి తీసుకువెళితే, రాత్రి డ్యూటీలో ఉన్న చిన్న డాక్టరు పాత కాగితాలు తిరగేసి, నర్సు వంక చూసి, “ఓహో, ఆ కేసా!” అని చిరునవ్వు నవ్వాడట. ఒక సూది మందు ఇచ్చి పంపించేశాడు. తెల్లవార్లూ వాంతులు. మర్నాడు వేరే చోట పరీక్ష చేయిస్తే పిత్తాశయంలో రాళ్ళు! ఒకసారి ‘ఏమీ లేని మనిషి’ అని పేరు పడితే, నిజంగా రాళ్ళున్నా ఎవరూ నమ్మరు. కాలు పడిపోయిన దానికంటే ఆ చిరునవ్వే తనను ఎక్కువ బాధించిందని ఆమె ఇప్పటికీ అంటుంది.

చివరికి ఎవరో చెప్పగా హైదరాబాదులో ఒక నరాల డాక్టరుగారి దగ్గరికి బయలుదేరారు. మా మరిదికి ఆఫీసులో సెలవు దొరకలేదు. తోడు వెళ్ళమని మావారు నన్ను పంపారు. రైల్లో ఆరు గంటలు ఎదురెదురుగా కూర్చుని ‘మంచినీళ్ళు కావాలా?’, ‘వద్దు’ తప్ప ఇంకో మాట లేదు.

ఆ డాక్టరుగారు స్కానింగు కాగితాలు పక్కన పెట్టి, ముందు అరగంటసేపు ఆమె చెప్పినదంతా విన్నారు. ఆమెను బల్ల మీద పడుకోబెట్టి, ఎడమ మడమ కింద తన అరచెయ్యి పెట్టి, “కాలితో నా చేతిని బల్లకేసి నొక్కమ్మా” అన్నారు. ఆమె పళ్ళు బిగించి ప్రయత్నించింది. ఏమాత్రం బలం లేదు. “సరే, ఆ కాలి సంగతి మరిచిపో. ఇప్పుడు కుడికాలు పైకి ఎత్తు” అని, రెండో చేత్తో ఆ కుడికాలిని కిందికి అదిమి పట్టారు. ఆమె బలవంతాన కుడికాలు ఎత్తబోయింది. ఎత్తేటప్పుడు ఎడమ మడమ దానంతటదే ఆయన చేతిని గట్టిగా బల్లకేసి నొక్కింది. “చూశావా? నీ ఎడమకాలు నా చెయ్యి నలిపేస్తోంది” అన్నారాయన నవ్వుతూ. మళ్ళీ చేయించి ఆమెకే చూపించారు.

నాకు గుండె దడదడ కొట్టుకుంది. ఇంక దాచడమెందుకని, “డాక్టరుగారూ, ఒకసారి పాలు పొంగినప్పుడు కూడా ఈమె కర్ర లేకుండా నడిచిందండీ” అన్నాను. ఫిర్యాదు చేస్తున్నట్టే అన్నాను.

ఆయన నా వైపు తిరిగి, “ఈ మాట ముందే ఎందుకు చెప్పలేదమ్మా? నేను వెతుకుతున్నది అదే!” అన్నారు. తరువాత ఆమెతో చెప్పిన మాటలు నాకు బాగా గుర్తున్నాయి. “అమ్మా, నీకున్నది నిజమైన జబ్బు. దీన్ని ఫంక్షనల్ న్యూరలాజికల్ డిజార్డర్ అంటారు. నరం తెగలేదు, మెదడులో దెబ్బ లేదు. కాలిని కదపమని మెదడు పంపే ఆజ్ఞ దారిలో చిక్కుపడుతోంది. నువ్వు కాలి మీద మనసు పెట్టి కదపాలని చూసినకొద్దీ ఆ చిక్కు బిగుసుకుంటుంది. మనసు ఇంకో దాని మీదికి పోయినప్పుడు సడలుతుంది. మీ అక్కయ్యగారు చూసింది ఆ సడలిన క్షణాన్నే. అంటే దారి మూసుకుపోలేదు. ఆ దారినే మనం నడవడం నేర్చుకోవాలి.”

ఆమె ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఏ నాలుగడుగులను నేను నలుగురిలో నేరానికి సాక్ష్యంగా చూపించానో, ఆ నాలుగడుగులే డాక్టరుగారికి రోగాన్ని గుర్తుపట్టే ఆనవాలు అయ్యాయి, నయమవుతుందనే ఆశా అయ్యాయి. చూసింది ఒకటే. నేను చదివిన తీరు వేరు, ఆయన చదివిన తీరు వేరు.

‘మనసు పెడితే పని చెడటమేమిటి, విడ్డూరం!’ అంటారేమో. మీరు రోజూ మెట్లు గబగబా దిగుతారు గదా? ఒక్కసారి ఏ పాదం ముందు, ఏ వేలు తరువాత అని ఆలోచిస్తూ దిగి చూడండి. తడబడతారు. నడక అనేది మన ప్రమేయం లేకుండా మెదడు నడిపించుకునే వ్యవహారం. దెబ్బ తగలడం, జ్వరం, తలనొప్పి, కళ్ళు తిరగడం, భయం ఇలాంటి వాటిలో ఏదో ఒకటి నిమిత్తమై ఆ వ్యవహారం తప్పుదారి పడుతుంది. కొందరిలో ఏ నిమిత్తమూ కనిపించదు. తెలిసి చేసే నటనకూ దీనికీ పోలికే లేదు.

ఆ ఊళ్ళో ఉన్న నాలుగు రోజుల్లో డాక్టరుగారిని అడిగీ, తరువాత పుస్తకాలు చూసీ నేను తెలుసుకున్న సంగతులు కొన్ని చెబుతాను. ఆ కాలి పరీక్ష కొత్తదేమీ కాదు. అమెరికాలో క్లీవ్లండు నగరంలో చార్లెస్ ఫ్రాంక్లిన్ హూవర్ అనే వైద్యుడు 1908లోనే దాన్ని వివరించి అచ్చు వేయించాడు. ఇప్పటికీ దాన్ని హూవర్ గుర్తు అనే అంటారు. నూరేళ్ళకు పైబడిన పరీక్ష! ఖర్చు లేదు, యంత్రం అక్కరలేదు, రెండు చేతులు చాలు. అయినా మా తోడికోడలికి అది ఏడాది ఆలస్యంగా అందింది.

ఎందుకు అందలేదంటే ఈ జబ్బుకు పూర్వం ఉన్న పేరు చాలా చెడ్డపేరు. హిస్టీరియా అనేవారు. గర్భసంచిని గ్రీకు భాషలో హిస్టెరా అంటారు. ఆడవాళ్ళ గర్భసంచిలోంచి పుట్టే రోగమని పాతకాలపు నమ్మకం. పెళ్ళి చేస్తే తగ్గుతుందనే సలహాకు మూలం కూడా అంత పాతదే. ఉత్తరం రాసిన తల్లికి ఆ డాక్టరుగారు చెప్పింది నేటి శాస్త్రం కాదన్నమాట, ఏనాటి మాటో!

పందొమ్మిదో శతాబ్దం చివర పారిస్‌లో సాల్పెట్రియేర్ అనే పెద్ద ఆసుపత్రిలో షార్కో అనే మహావైద్యుడు ఉండేవాడు. ఆయన ఇలాంటి రోగులను విద్యార్థుల ఎదుట నిలబెట్టి పాఠాలు చెప్పేవాడు. బ్రూయే అనే చిత్రకారుడు ఆ దృశ్యాన్ని 1887లో పెద్ద బొమ్మగా వేశాడు. గదినిండా కోట్లు వేసుకున్న మగవాళ్ళు, మధ్యలో ఒక వైద్యుడి చేతుల మీదికి వాలిపోతున్న ఒక స్త్రీ. అందరూ ఆమెను చూస్తున్నారు. నాకు ఆ బొమ్మ చూస్తే మా ఇంటి భోజనాల గది గుర్తుకొస్తుంది. ఒక్క సంగతి మాత్రం షార్కో పక్షాన చెప్పాలి. ఇది నాడీమండలం పనితీరులో వచ్చే తేడా అనీ, మగవాళ్ళకూ వస్తుందనీ ఆయన గట్టిగా చెప్పాడు. 1893లో ఆయన పోయాక ఆ మాట వెనకబడింది. ఆయన దగ్గర చదువుకు వెళ్ళివచ్చిన ఫ్రాయిడ్, బ్రాయర్‌తో కలిసి 1895లో పుస్తకం వెలువరించి, అణచుకున్న మనోవ్యథే ఇలా దేహంలోకి మారుతుందన్నాడు. అప్పటినుంచి నరాల డాక్టర్లు ‘ఇది మాది కాదు, మనసు డాక్టర్లది’ అనడం, మనసు డాక్టర్లు ‘ఇది కాలి జబ్బు గదా’ అనడం మొదలయింది. రోగి ఇద్దరి మధ్యా నిలబడిపోయింది.

మగవాళ్ళకు వస్తుందా అని ఇంకా సందేహించేవారు మొదటి ప్రపంచయుద్ధం సంగతి తలుచుకోవాలి. గుళ్ళ దెబ్బ ఒంటి మీద లేకపోయినా మాట పడిపోయినవాళ్ళు, నడవలేనివాళ్ళు, ఒళ్ళంతా వణికేవాళ్ళు వేలమంది సైనికులు తిరిగివచ్చారు. 1915లో చార్లెస్ మైయర్స్ అనే వైద్యుడు ఆ జబ్బును షెల్ షాక్ అనే పేరుతో పత్రికకు ఎక్కించాడు. కొందరు వైద్యులు ఓపికగా వాళ్ళ కథలు విన్నారు. మరికొందరు పిరికితనమని తలచి, మాట వచ్చేదాకా గొంతుకు కరెంటు పెట్టారు. మీసాలున్న సిపాయికే ఆ గతి పడితే, ఇంటిలో ఉన్న కోడలి మాట ఎవరు వింటారు?

డాక్టర్లనే నిందించడం కూడా న్యాయం కాదు. వాళ్ళకో భయం ఉంది. 1965లో లండన్‌లో ఎలియట్ స్లేటర్ అనే మనోవైద్యుడు, హిస్టీరియా అని ముద్ర వేసి పంపిన రోగులను ఏళ్ళ తరువాత వెతికి చూశాడు. వాళ్ళలో చాలామందికి అసలైన వేరే రోగాలు బయటపడ్డాయి. హిస్టీరియా అనడం డాక్టరు తన తెలియనితనాన్ని కప్పిపుచ్చుకోవడమేనన్న అర్థం వచ్చేలా రాశాడు. ఆ దెబ్బతో రెండు తరాల వైద్యులు ఈ జబ్బు పేరెత్తడానికే జంకారు. స్కానింగు మీద స్కానింగు తీయడం, చివరికి ‘ఏమీ లేదు’ అని తప్పించుకోవడం మేలనుకున్నారు. అయితే 2005లో బ్రిటన్ వైద్యులు పాత లెక్కలన్నీ పోగుచేసి చూశారు. 1950 ప్రాంతాల్లో నూటికి 29 మంది విషయంలో నిర్ణయం తప్పయితే, 1970 తరువాత ఆ తప్పు నూటికి 4కు దిగిపోయింది. ఇతర నాడీ రోగాలను గుర్తించడంలోనూ ఇంచుమించు అంత పొరపాటు ఉంటుందట.

ఇది ఎక్కడో కోటికి ఒకరికి వచ్చే వింత రోగమూ కాదు. స్కాట్లండులో నరాల డాక్టర్ల దగ్గరికి కొత్తగా వచ్చిన 3,781 మందిని లెక్కతీసి 2010లో వెలువరించారు. తలనొప్పుల తరువాత రెండోస్థానం ఈ రకం బాధలదే, నూటికి 16. అంటే నరాల ఆసుపత్రి వరండాలో ఆరుగురు కూర్చుంటే వారిలో ఒకరు మా తోడికోడలన్నమాట.

ఇంకొక మంచి మార్పు 2013లో వచ్చింది. అమెరికా మనోవైద్యుల సంఘం వారి రోగనిర్ణయ గ్రంథం అయిదో కూర్పులో, ఈ జబ్బుకు వెనక మనోవ్యథ ఉండి తీరాలన్న నిబంధన తీసేశారు. పరీక్షల్లో ఏమీ దొరకలేదని కాకుండా, హూవర్ గుర్తువంటి ఆనవాళ్ళు చూసి నిర్ణయించమన్నారు. దుఃఖం, భయం ఉన్నవారికి వాటి వైద్యమూ చేయాలి. లేనివారిని పట్టుకుని ‘నీ గుట్టేమిటో చెప్పు’ అని తవ్వడం మానాలి. ఆ వాక్యం చదివి మా అత్తగారికి వినిపించాను. కోడలిని రాచిరంపాన పెట్టారన్న అపవాదు నుంచి ఆవిడకు విడుదల! ఆవిడ చిన్నప్పుడు వీణ నేర్చుకున్నారు. అంతా విని, “అయితే వీణ విరగలేదన్నమాట, శ్రుతి తప్పింది. ఎన్ని ఫోటోలు తీస్తే మాత్రం శ్రుతి కనిపిస్తుందా, వినాలి గాని!” అన్నారు. నేను ఇంత రాసినా ఇంత బాగా చెప్పలేను.

వైద్యం ఏమిటంటారా? ఆ ఆసుపత్రిలో ఫిజియోథెరపీ చేసే అమ్మాయి ముందు ఆ చేతికర్ర మీద ఆధారం కొద్దికొద్దిగా తగ్గించింది. కాలి వంక చూడకుండా నడవమంది. వెనక్కి నడిపించింది. పాట పెట్టి తాళానికి అడుగు వేయించింది. లెక్కల పంతులమ్మ అని తెలిశాక, పదిహేడో ఎక్కం అప్పచెబుతూ నడవమంది. పదిహేడు ఏళ్ళు నూటపంతొమ్మిది అనేసరికి గది ఆ చివరకు చేరుకుంది! అయిదు నెలలకు బడిలో చేరింది. పూర్తిగా పోయిందని చెప్పను. బాగా అలిసిపోతే సాయంత్రం కాలు కాస్త ఈడుస్తుంది. అందరికీ ఇంత మేలు జరుగుతుందని కూడా చెప్పను. ఏళ్ళ తరబడి బాధపడేవారున్నారు. ఇలాంటి ప్రత్యేక వ్యాయామాన్ని బ్రిటన్‌లో మామూలు వ్యాయామంతో పోల్చి చూసి 2024లో ఫలితాలు వెలువరించారు. కొలతల్లో పెద్ద తేడా తేలలేదు గాని, తమకు మెరుగయిందని చెప్పినవారు ప్రత్యేక వ్యాయామం చేసినవారిలోనే ఎక్కువ. శాస్త్రం ఇంకా నడక నేర్చుకుంటోంది.

ఇప్పుడు ఉత్తరం రాసిన తల్లికి.

అమ్మా, మీ అమ్మాయిది ఏ జబ్బో నేను చెప్పకూడదు, అది డాక్టరు పని. మూర్ఛలాగే కనిపిస్తూ మూర్ఛ కాని ఈడ్పులు ఈ జబ్బులోనూ వస్తాయి. చాలాసేపు ఉండటం, కళ్ళు గట్టిగా మూసుకోవడం వాటిలో తరచు కనిపిస్తాయి. అంతమాత్రాన మీరు ఇంట్లో తేల్చకండి. రెండూ కలిసి ఉన్నవారూ ఉంటారు. ఈసారి వచ్చినప్పుడు ఎవరైనా ఫోనులో వీడియో తీసి నరాల డాక్టరుకు చూపించండి. మనం మాటల్లో చెప్పలేనిది ఆ బొమ్మలు చెబుతాయి. ఈడ్పు వస్తూండగానే మెదడు తరంగాలను, మనిషిని కలిపి చిత్రించే వీడియో ఇ.ఇ.జి. పరీక్ష పెద్ద ఆసుపత్రుల్లో ఉంది. దాంతో చాలావరకు తేలుతుంది. అది తేలక చాలామంది ఏళ్ళ తరబడి అక్కరలేని మూర్ఛ మందులు మింగుతున్నారు. అలాగని వాడుతున్న మందు డాక్టరును అడగకుండా మానవద్దు.

ఈడ్పు వచ్చినప్పుడు దెబ్బలు తగలకుండా పక్కకు తిప్పి పడుకోబెట్టి, దగ్గర కూర్చుని నెమ్మదిగా మాట్లాడండి. నోట్లో ఏమీ పెట్టవద్దు. తాళాలూ వద్దు, ఉల్లిపాయా వద్దు. నిజమో అబద్ధమో చూద్దామని గిల్లడం, మొహాన నీళ్ళు కొట్టడం అసలే వద్దు. అయిదు నిమిషాలు దాటినా, ఊపిరి సరిగ్గా ఆడకపోయినా, ఎప్పుడూ లేనట్టు ఉన్నా ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. డాక్టరుగారు “ఏమీ లేదు” అంటే లేచి రాకండి. “ఏం లేదో చెప్పారు. ఏం ఉందో కూడా చెప్పండి” అని మర్యాదగా అడగండి. ఆ ఒక్క ప్రశ్న మేము వేయనందువల్ల మా ఇంట్లో ఒక ఏడాది పోయింది. పెళ్ళి సంగతి అమ్మాయి చదువు అయ్యాక, ఆమె ఇష్టపడ్డాక చూసుకోవచ్చు. అది మందు కాదు.

మీరు చేసింది తప్పా అని అడిగారు. తప్పే. నాదీ తప్పే. భయంవల్ల కొట్టారు, నేను అహంకారంవల్ల అన్నాను. ఆ మాటకొస్తే మీరే నాకంటే నయం. హైదరాబాదు నుంచి తిరిగి వచ్చేటప్పుడు రైల్లో నేను “తప్పయిపోయిందమ్మా” అన్నాను. ఆమె చాలాసేపు కిటికీలోంచి చూసి, “నువ్వు అన్నందుకు కాదక్కయ్యా, ఆ రాత్రి నుంచి నేను కూడా నన్ను నమ్మడం మానేశాను” అంది. ఆ మాట అనిపించుకోవడానికి నేను ఎనిమిది నెలలు ఆగాను. మీరు ఆగనక్కరలేదు. ఈ పత్రిక పక్కన పెట్టి, ముందు అమ్మాయి గదిలోకి వెళ్ళండి.